మంచు మీద ఫిషింగ్ టెంటు లాగడానికి చిత్తూరులో చేయించిన స్కీ స్టాండు: ఒక చలికాలం వాడాక

అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటూ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద చేపలు పట్టడానికి వెళ్లే మనవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. కలిసినప్పుడల్లా మాట ఒక్కచోటికే వస్తుంది: టెంటు లాగలేక నడుము పట్టేస్తోంది, ఏం చేయాలి? నేను దీనికి మా చిత్తూరులో, బెంగళూరు రోడ్డు వైపున్న ఒక చిన్న లేత్ షాపులో అల్యూమినియం స్టాండు చేయించుకుని తీసుకెళ్లాను. చలికాలమంతా వాడాను. చాలా మంచి పని చేసి పెట్టారు, అందుకే వివరంగా రాస్తున్నాను. షాపు పేరు, నంబరు మాత్రం పెట్టడం లేదు, షాపు నడిపే పెద్దాయనే వద్దన్నారు, చేతిలో ఉన్న పనికే మనుషులు చాలడం లేదట. పర్లేదు, ఏం చేయించాలో, ఎలాంటి షాపుకి వెళ్లాలో తెలిస్తే ఇలాంటి పని తెలిసినవాళ్లు చిత్తూరు చుట్టుపక్కల ఇంకా ఉంటారు.

ఊళ్లో ఉండి చదివేవాళ్ల కోసం ముందు సంగతి చెప్పాలి. అక్కడ ఎక్కువగా వాడేది ఫ్లిప్ ఓవర్ రకం టెంటు. కింద ప్లాస్టిక్ టబ్బు, అందులో సీట్లు, వెనక మడిచిపెట్టిన గుడ్డ కప్పు. చేపలు దొరికే చోటికి చేరాక కప్పుని ముందుకి లాగితే చుట్టూ మూసుకుంటుంది, లోపల కూర్చుని కింద ఐసు గడ్డకి బొక్క వేసి గాలం వదులుతారు. ఒడ్డు నుంచి అక్కడిదాకా ఆ టబ్బుకే తాడు కట్టి లాక్కెళ్లాలి. ఇద్దరికి సరిపోయే సైజుదైతే ఖాళీగానే 40 కిలోల దాకా తూగుతుంది. దాని మీద గడ్డ తొలిచే ఆగర్, హీటరు, గ్యాసు సిలిండరు, బ్యాటరీ, గాలాలు, తిండి, నీళ్లు.

నున్నటి గడ్డ మీదైతే పదేళ్ల పిల్లాడు కూడా లాగేస్తాడు. మంచు పడ్డాకే అసలు బాధ. టబ్బు అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి మంచులో కూరుకుపోయి, ముందున్న మంచునంతా తోసుకుంటూ పోతుంది. కాసేపటికి మనం లాగేది సామాను బరువు కంటే ఆ పోగుపడ్డ మంచునే ఎక్కువ. చలి మరీ ముదిరి మైనస్ 25 డిగ్రీలకి పోతే ఇంకో తంటా. మంచు మీద వస్తువు జారడానికి కారణం రాపిడి వేడికి అడుగున పుట్టే సన్నటి నీటి పొర, అంత చలిలో ఆ పొర సరిగ్గా ఏర్పడదు, అందుకని పట్టేసినట్టే ఉంటుంది. అన్నిటికన్నా చెడ్డది స్లష్. మంచు బరువుకి గడ్డ కిందికి ఒంగి, పగుళ్లలోంచి చెరువు నీళ్లు పైకొస్తాయి, పైనున్న మంచు దుప్పటి వాటిని గడ్డకట్టనివ్వదు. చూడ్డానికి తెల్లగా పొడిగానే కనిపిస్తుంది, టబ్బు అందులో దిగిందంటే అడుగంతా తడి మంచు అంటుకుని నిమిషాల్లో రాయి అయిపోతుంది.

ఆటర్, క్లామ్ లాంటి కంపెనీలు తమ టబ్బులకి రన్నర్ కిట్లు అమ్ముతాయి. అడుగున నిలువుగా బిగించే ప్లాస్టిక్ పట్టీలు అవి. గరుకు గడ్డ మీద టబ్బు అరిగిపోకుండా కాపాడతాయి, పక్కకి జారకుండా తిన్నగా నడిపిస్తాయి. ఆ పనికి అవి మంచివే, వేయించుకోండి. కానీ పిక్కల్లోతు మంచులో ఆ కాస్త ఎత్తు ఏ మూలకీ చాలదు, టబ్బు కడుపు మంచుకి తగులుతూనే ఉంటుంది. కావాల్సింది టబ్బుని మంచు పైకి లేపడం. అక్కడి పాత జాలర్లు దీనికి ఎప్పట్నుంచో ఒక ఉపాయం వాడుతున్నారు, స్మిటీ స్లెడ్ అంటారు: పాత స్కీలు రెండు (మంచు మీద జారడానికి కాళ్లకి తొడుక్కునే పొడవాటి పలకలు), వాటి మీద చెక్క ఫ్రేము, ఆ ఫ్రేము మీద టబ్బు. చెక్క బరువు, పైగా తడి పీల్చి గడ్డకడుతుంది. అదే ఫ్రేము అల్యూమినియంలో, విప్పి మళ్లీ బిగించుకునేలా కావాలన్నది నా ఆలోచన. అక్కడ చేయించాలంటే కూలీ మోత మోగిపోతుంది.

జూన్‌లో ఊరికి వచ్చినప్పుడు మా మామ ఈ షాపుకి తీసుకెళ్లాడు. మామిడి సీజను మంచి ఊపులో ఉంది, రోడ్డంతా తోతాపురి కాయల ట్రాక్టర్లు, షాపు ముందు పల్ప్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన కన్వేయర్ ముక్కలు గుట్టగా పడున్నాయి. వీళ్ల ప్రధాన జీవనం అదే, కాయలు మోసే కన్వేయర్లు రిపేరు చేయడం. నా పనికి ఇంతకన్నా సరైన చోటు దొరికేది కాదని అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. ఒక వస్తువు ఇంకో వస్తువు మీద అరగకుండా, పట్టేయకుండా ఎలా జారాలి అన్నదే వీళ్లు పొద్దస్తమానం చేసే పని.

పెద్దాయన మంచు చూసింది నా ఫోన్లో వీడియోలోనే. రెండుసార్లు చూసి, ఫోను తిరిగిస్తూ ఒకటే అడిగారు. "ఎందుకు ఆగతాంది నాయనా? ముందర తోసుకుంటాందా, కింద పట్టేస్తాందా?" రెండూ అన్నాను. "మడి చదును చేసే పలక ముందంచు లేపకపోతే బురదంతా నెట్టుకుంటా పోతుంది గదా, ఇదీ అంతే. ముందు లేపాల, కింద తగిలేది తగ్గించాల" అన్నారు. నేను ఇంటర్నెట్లో ఎన్నో వీడియోలు చూసి తెలుసుకున్నది ఆయన అక్కడికక్కడే చెప్పేశారు, అది చూసి నాకు చాలా సంతోషమేసింది.

స్కీలు అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ చేయించింది ఫ్రేము, పట్టీలు మాత్రమే. విమానంలో చెకిన్ బ్యాగు 23 కిలోలు దాటకూడదు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదు, అందుకని ఏ ముక్కా 115 సెంటీమీటర్లకి మించకుండా గీసుకున్నాం. అల్యూమినియం చదరపు గొట్టాలు, మూలల్లో ప్లేట్లు, వెల్డింగ్ ఎక్కడా లేదు, అన్నీ బోల్టులే. బోల్టులు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్, పల్ప్ ఫ్యాక్టరీల్లో తిండి తగిలే చోట వాడేది అదే కాబట్టి వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటాయట. ఇది నాకు బాగా కలిసొచ్చింది. మామూలు ఇనుము గట్టి చలిలో పెళుసుబారుతుంది, ఈ రకం స్టెయిన్‌లెస్‌కి, అల్యూమినియంకి ఆ బెడద లేదు.

నేను కాళ్లు నిటారుగా గీసుకెళ్లాను. పెద్దాయన ఒప్పుకోలేదు, కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యేలా ఏటవాలుగా పెట్టించారు, 22 సెంటీమీటర్ల ఎత్తు మీద ఇంత బరువు పెడితే అడ్డంగా గుంట వచ్చినప్పుడు బోర్లాపడుతుందని. చెరువు మీద స్నోమొబైల్ (మంచు మీద నడిపే మోటారు బండి) జాడల్ని అడ్డంగా దాటినప్పుడల్లా ఆ మాట ఎంత నిజమో తెలిసింది, స్టాండు ఊగింది తప్ప పడలేదు.

ఇక పట్టీల సంగతి. కన్వేయర్లలో గొలుసు కింద వేసే దళసరి తెల్ల ప్లాస్టిక్ ఉంటుంది, యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలిన్, స్కీల అడుగు కూడా ఈ రకం ప్లాస్టిక్‌తోనే చేస్తారు. గట్టి చలికి కూడా పగలదు, దాని మీద ఏదైనా సులువుగా జారుతుంది. టబ్బు అడుగున రెండు పట్టీలు, ఫ్రేము అడ్డకమ్మీల పైన రెండు, టబ్బు ఫ్రేము మీదికి సులువుగా జారాలని ఇవి నేను అడిగాను. పెద్దాయన కొడుకు పట్టీకి ఒక చివర మాత్రం గుండ్రటి బొక్క వేసి, మిగతావన్నీ పొడవాటి గాడుల్లా తొలుస్తుంటే ఎందుకని అడిగాను. ఈ ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుందట, ఫ్యాక్టరీలో వేడినీళ్లతో కడిగినప్పుడు రెండు చివరలా గట్టిగా బిగించిన పట్టీ మధ్యలో పైకి ఉబికొస్తుందట. అందుకే ఒక చివర కదలకుండా బిగించి, మిగతా చోట్ల బోల్టు అటూ ఇటూ జరగడానికి సందు ఇస్తారు. ఇంటికెళ్లి లెక్క వేసుకున్నాను. చిత్తూరు ఎండ 38 డిగ్రీలు, మిన్నెసోటా చలి మైనస్ 25, అంటే 60 డిగ్రీలకి పైగా తేడా, ఒక మీటరు పట్టీ దాదాపు ఒక సెంటీమీటరు కుదించుకుపోతుంది. అల్యూమినియం అంతగా కుదించుకుపోదు, కాబట్టి ఫ్రేము మీది పట్టీలకి మామూలు బొక్కలైతే బోల్టుల దగ్గర లాగేసి పట్టీ చీలే ప్రమాదం ఉండేది. జనవరిలో ఫ్రేము మీది పట్టీలు చూస్తే ప్రతి బోల్టూ తన గాడిలో ఒక పక్కకి జరిగి కూర్చుంది, ఒక్కచోట కూడా చీలిక లేదు. బోల్టు తలలు కూడా పట్టీ లోపలికి దిగేలా తొలిచారు, మంచుకి తగిలేది ఒక్కటీ లేదు.

మొత్తం మెటీరియల్, కూలీ కలిపి 7,000 లోపే అయింది. ఫ్రేము బరువు 9 కిలోలు.

మిన్నెసోటాలోని మిల్ ల్యాక్స్ చెరువు మీద దీన్ని గట్టిగా వాడాను. రిసార్టులవాళ్లు ట్రక్కులు పోయేలా మంచు తీసి దారులు వేస్తారు, ఆ దారి దిగాక మిగిలిన దూరమే మనకి నరకం. ఇదివరకు ఇద్దరం లాగి, పదడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకునే చోట ఇప్పుడు ఒక్కణ్నే మాట్లాడుకుంటూ నడిచిపోతున్నాను. టబ్బు ముందు మంచు పోగవడం లేదు. స్లష్‌లోంచి లాగినా తడి అంటేది స్కీలకే, టబ్బు పొడిగా ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, స్లష్ దాటిన వెంటనే ఆగొద్దు, ఆగితే స్కీలు గడ్డకి అతుక్కుపోతాయి. పొడి మంచు మీదికి వచ్చాక ఆగి, స్కీల అడుగు గీకి, కింద రెండు చెక్క ముక్కలు పెట్టండి.

పాత తరం తిన్నటి స్కీలే తీసుకోండి, నడుము దగ్గర సన్నబడే కొత్త రకం కన్నా ఇవి గీత గీసినట్టు పోతాయి. తాడు టబ్బుకి కాకుండా ఫ్రేముకి కట్టాలి, చేత్తో లాగకుండా నడుముకి బెల్టు వేసుకుని లాగాలి. బరువైన సామాను కాస్త వెనక్కి సర్దితే ముందు కొన తేలిగ్గా ఉంటుంది. స్నోమొబైల్‌కి తగిలించేటట్టయితే తాడు అస్సలు వద్దు, గట్టి కమ్మీ ఉండాలి, ఎందుకంటే ఈ స్టాండుకి బ్రేకుల్లేవు, బండి ఆగగానే వచ్చి వెనక గుద్దుతుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. గొట్టాల చివర పెట్టిన పీవీసీ మూతలు మొదటి గట్టి చలికే పగిలిపోయాయి, లోపలికి మంచు దూరి గడ్డకట్టింది. పాలిథిలిన్ మూతలు అడగాల్సిందని పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను, ఇకమీదట అలాగే పెడతానన్నారు. బోల్టులకి స్పానర్ కావాలి, చేతికి లావు గ్లౌజులు వేసుకుని స్పానర్ తిప్పడం చాలా కష్టం, మీరు చేయించుకుంటే చేత్తో తిప్పే రెక్కల నట్లు పెట్టించుకోండి. ఇంకొకటి ఆలస్యం. కన్వేయర్ ఆగితే ఫ్యాక్టరీలో కాయలు కుళ్లిపోతాయి, వాళ్ల పని ముందు చూడాల్సిందే, అది న్యాయమే. కానీ నా స్టాండు విమానం ఎక్కే ముందు రోజు రాత్రి చేతికొచ్చింది, అప్పటిదాకా ఒకటే టెన్షన్.

స్టాండు పద్ధతికే ఉన్న ఇబ్బంది ఇంకొకటి. గాలం వేసే ముందు టబ్బుని కిందికి దించాలి, లేకపోతే టెంటు అంచులు గడ్డని తాకవు, గాలి లోపలికి కొడుతుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎక్కించాలి. అడ్డకమ్మీల మీది తెల్ల పట్టీల వల్ల ముందు కొన ఎత్తి పెట్టి వెనక నుంచి తోస్తే ఒక్కరే ఎక్కించొచ్చు, అయినా పూటకి పదిసార్లు చోటు మార్చేవాళ్లకి ఇది విసుగే. అలాగే మోకాలి పైదాకా మెత్తటి కొత్త మంచు పడితే స్కీలూ దిగిపోతాయి, టబ్బు మళ్లీ మంచుకి తగులుతుంది. అప్పుడు దారి తొక్కుకుంటూ పోవడమే. ఇంకో మాట, లాగడం సులువైంది కదా అని గడ్డ మందం చూడకుండా దూరం పోకండి. నడవడానికే కనీసం 4 అంగుళాల మంచి గడ్డ ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) చెబుతుంది, మంచు దుప్పటి కింద గడ్డ నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి దారిలో కూడా తొలిచి చూసుకోండి.

చేయించుకోవాలనుకుంటే మే నుంచి జూలై దాకా ఇటు రావొద్దు. బంగారుపాళెం, దామలచెరువు మార్కెట్ల నుంచి కాయలు దిగినన్నాళ్లూ ఏ షాపులోనూ మనిషి తల ఎత్తడు. ఆగస్టు దాటాక రండి, లేదా ఇంట్లోవాళ్లకి కొలతలు పంపండి. లేత్ షాపు అని అడగకుండా, పల్ప్ ఫ్యాక్టరీ కన్వేయర్ పని చేసేవాళ్లెవరు అని అడగండి. టబ్బు అడుగు వెడల్పు, పొడవు, రెండు స్కీల వెడల్పు, అంచుల వంపు ఎక్కడ మొదలవుతుందో ఆ కొలత తీసుకెళ్లండి, టబ్బుని తలకిందులు చేసి తీసిన ఫోటో ఒకటి ఉంటే ఇంకా మంచిది.