కిటికీ భేష్, మెంబ్రేన్‌ని మాత్రం నమ్మకండి

రెండు గదుల ఫోటో ఎలక్ట్రోకెమికల్ సెల్ ఇది, అంటే వెలుగు, కరెంటు కలిపి రసాయన మార్పులు చేసుకునే పాత్ర. గాజు ఒళ్లు, ముందు క్వార్ట్జ్ కిటికీ, మధ్యలో రెండు గదుల్నీ వేరు చేసే నాఫియాన్ మెంబ్రేన్ (అయాన్లని దాటనిచ్చే పలుచటి ప్లాస్టిక్ పొర), గదికి 30 మి.లీ. చొప్పున పడుతుంది. ల్యాబ్ సామాన్లమ్మే ఒక ఆన్‌లైన్ కొట్టులో 11,800 రూపాయలు. నేను వరంగల్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు. వెలుతురు పడితే పనిచేసే ఎలక్ట్రోడ్‌తో నీళ్లలోని నైట్రేట్‌ని అమోనియాగా మార్చడం నా పని. ఏడు నెలలుగా ఈ సెల్‌తోనే కాపురం.

క్వార్ట్జ్ పెట్టేది అతినీలలోహిత కిరణాలు కూడా లోపలికి పోవాలని. నిజం చెప్పాలంటే నాకు అది అక్కర్లేదు. నా ఎలక్ట్రోడ్ క్యూప్రస్ ఆక్సైడ్, కంటికి కనిపించే వెలుగుతోనే నడుస్తుంది. నాకు నచ్చింది కిటికీ చదునుగా ఉండటం. ఇదివరకు గుండ్రటి సీసాలో చేసేదాన్ని. ఆ వంపుకి వెలుగంతా ఒక గీతలా పోగై పడేది, సీసా కాస్త జరిగితే కరెంటు రీడింగ్ మారిపోయేది. ఆ గోల పోయింది.

ఇక మెంబ్రేన్. మొదటి వారం బ్లాంక్ పెట్టాను, అంటే అమోనియా అస్సలు రాకూడని ఉత్తుత్తి ప్రయోగం. దీపం ఆపేశాను, తీగలు తగిలించలేదు, నైట్రేట్ చుక్క వేయలేదు, ఉత్త సోడియం సల్ఫేట్ నీళ్లు. అమోనియా ఉంటే నీలంగా మారే ఇండోఫినాల్ పరీక్ష చేస్తే నీలం రంగు! ముచ్చెమటలు పట్టాయి. 1 మిల్లీయాంపు కరెంటు గంటసేపు నడిచి, ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా కాకపోయినా వచ్చే అమోనియా 80 మైక్రోగ్రాముల లోపే. ఒక్కో అణువుకి 8 ఎలక్ట్రాన్లు పోయాలి మరి. అంత చిన్న లెక్కలో బయటి నుంచి కాస్త కలిసినా పేపరు చెత్తబుట్టకే.

నీళ్లు మార్చాను, ఉప్పు మార్చాను, గ్లవ్స్ మార్చాను. మూడో రోజుకి దొంగ దొరికింది. నాఫియాన్ ధన అయాన్లని పట్టుకుంటుంది. ఎక్కడో అంటుకున్న అమోనియం, సోడియం తగలగానే బయటికొస్తోంది. కవరు మీదేమో ‘శుద్ధి చేసినది, నేరుగా వాడవచ్చు’ అని రాసుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో, నీళ్లలో, పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, మళ్లీ నీళ్లలో 80 డిగ్రీల దగ్గర గంటేసి ఉంచాక బ్లాంక్ దారికొచ్చింది. కొట్టువాళ్లకి రాస్తే ‘మెంబ్రేన్‌కి వారంటీ ఉండదు మేడమ్’ అన్నారు, అంతే.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు మా బోరు నీళ్లు ఒక బాటిల్ తెచ్చి ఇందులో పోశాను. నైట్రేట్ లీటరుకి 78 మి.గ్రా. ఉంది, తాగే నీళ్లకి మన హద్దు 45. అమోనియా నామమాత్రం వచ్చింది. ల్యాబ్‌లో నేను కలుపుకునే ద్రావణంలో దానికి 80 రెట్లు నైట్రేట్ ఉంటుంది కాబట్టి ఆశ్చర్యమేం లేదు, నైట్రేట్ అంత పలుచగా ఉంటే ఎలక్ట్రాన్లు నీళ్ల నుంచి హైడ్రోజన్ పుట్టించడానికే పోతాయి. పైగా ఎలక్ట్రోడ్ దగ్గర క్షారం పెరిగి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తెల్లగా పొలుసులు కట్టాయి, మా అమ్మ హీటర్ రాడ్డుకి కట్టినట్టు. అవి కిటికీ వెనక మూలల్లో ఇరుక్కున్నాయి. సెల్ మూతి ఇరుకు, వేలు కూడా దూరదు. ఇయర్‌బడ్‌ని ఆమ్లంలో ముంచి ఒక సాయంత్రమంతా తోముతూ కూర్చున్నా.

మూడున్నర స్టార్లు. కొంటే మెంబ్రేన్ వేరేచోట తీసుకోండి. ఓ-రింగులు (కారకుండా అతుకు దగ్గర వేసే రబ్బరు రింగులు) రెండు ఎక్కువ వేయించుకోండి, వీళ్లిచ్చేది ఒక్కటే. మాది ఐదో నెలలో చీలి, సెల్‌కి వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పోటెన్షియోస్టాట్ తీగల మీదికి నీళ్లు కారాయి.