గ్రహణం కళ్లద్దాలు: ఒక ప్యాకెట్ ఉంచుకున్నాను, ఒకటి వెనక్కి పంపాను

ముందే చెప్పేస్తాను. అట్ట ఫ్రేముతో వచ్చే గ్రహణం కళ్లద్దాలు కొనదగ్గ వస్తువే. కానీ ఆన్‌లైన్‌లో ముందు ఏది కనిపిస్తే అది కొనేసి పిల్లల చేతికి ఇచ్చేస్తే మాత్రం కుదరదు. శ్రీకాకుళంలో ఏ షాపులో అడిగినా కూలింగ్ గ్లాసులే చూపిస్తున్నారు కాబట్టి నేను ఇద్దరు అమ్మకందార్ల దగ్గర తెప్పించాను. రెండు ప్యాకెట్ల మీదా ఒకే నంబరు అచ్చయి ఉంది, ఐఎస్‌ఓ 12312-2 అని, అంటే సూర్యుడిని నేరుగా చూసే కళ్లద్దాలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. ఒకటి చక్కగా ఉంది, ఇంకోటి ఇంట్లో ట్యూబ్‌లైట్ ముందే దొరికిపోయింది.

వీటి సంగతి తేల్చుకోవడానికి గ్రహణం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పెట్టుకుని గదిలో చుట్టూ చూడండి. ఏమీ కనపడకూడదు, చీకటి, అంతే. ఫోన్ టార్చ్ దగ్గరగా పెట్టి చూస్తే నీరసంగా ఒక చుక్కలాగా కనిపిస్తే ఫరవాలేదు. నేను వెనక్కి పంపినవాటిలోంచి ట్యూబ్‌లైట్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెలుస్తోంది, కిటికీ ఊచలు కూడా కనిపిస్తున్నాయి. అదే మంచి ప్యాకెట్‌లోవి పెట్టుకుని డాబా మీదికి వెళ్లి తలెత్తితే ఆకాశం మొత్తం నలుపు, మధ్యలో నారింజ రంగులో చిన్న బిళ్ల, అంచు స్పష్టంగా ఉంది, కంటికి ఏమాత్రం ఇబ్బంది లేదు. వెండి రంగు ఫిల్ము వేసినవి కూడా వస్తాయి, వాటిలో సూర్యుడు కాస్త తెల్లగా, నీలంగా కనిపిస్తాడు. రంగు తేడా వల్ల నష్టం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దయచేసి ఇది వదిలేయకండి. గదిలో పరీక్షకి తప్పిపోయినవి కచ్చితంగా పనికిరావు, కానీ ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన మంచివని కాదు. ఎందుకంటే కంటికి నల్లగా కనిపించే కొన్ని ఫిల్ములు పరారుణ కిరణాల్ని లోపలికి వదిలేస్తాయి, అవి మనకి కనపడవు కాబట్టి తేడా తెలియదు. అందుకే నంబరొక్కటే చూడకుండా తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా, వాడే పద్ధతి ఆ అట్ట మీదే ఉన్నాయా లేదా చూడాలి, ఆ ప్రమాణం ప్రకారం అవి ఉండి తీరాలి. నాకొచ్చిన పనికిరాని ప్యాకెట్ మీద చిరునామా లేదు, పైగా పెద్ద అక్షరాలతో "నాసా ఆమోదించినది" అని ఉంది. నాసా ఏ కంపెనీ కళ్లద్దాలకీ ఆమోదం ఇవ్వదు. ఆ మాట కనిపిస్తే వెంటనే అనుమానపడండి. అమ్మకందారు డబ్బులు వెనక్కి ఇచ్చాడు కానీ నేను ఫోటోలతో సహా ఫిర్యాదు పెట్టిన తర్వాత కూడా అదే సరుకు అమ్ముతూనే ఉన్నాడు, నాకు కోపం అక్కడే వచ్చింది.

ఎందుకింత పట్టింపు అంటే, 2019 డిసెంబరు 26న, తర్వాత 2020 జూన్ 21న మన దగ్గర పాక్షిక గ్రహణం కనిపించినప్పుడు మా వీధిలో చూసిన దృశ్యాలు ఇంకా గుర్తున్నాయి. ఒకరి చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్ము, ఒకరి దగ్గర మసి పట్టించిన గాజుముక్క, మా బావ అయితే మామూలు కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తలెత్తేశాడు. "బావా, వద్దు, దించు" అంటే "ఏటవుద్దిరా, ఒక్క సెకనే కదా, నొప్పేటీ లేదు" అన్నాడు. నొప్పి లేకపోవడమే అసలు ప్రమాదం. కంటి వెనక ఉండే రెటీనాకి నొప్పి తెలిపే నరాలు లేవు, అది కాలిపోతున్నా మనకి తెలియదు. కొన్ని గంటలు గడిచాక చూపు మధ్యలో నల్ల మచ్చ, చదువుతుంటే అక్షరాలు వంకరపోవడం, అప్పుడు తెలుస్తుంది. దానికి ఇదీ మందు అని తేలింది ఇప్పటికీ లేదు. కొందరికి నెలల మీద చాలావరకు తగ్గుతుంది, కొందరికి మచ్చ ఉండిపోతుంది. అలాంటిది ఏమైనా అనిపిస్తే చుక్కల మందు కొనుక్కుని కూర్చోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిన్నపిల్లల కంటి కటకం పెద్దవాళ్లదానికన్నా తేటగా ఉంటుంది, వెలుతురు ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది.

పళ్లెంలో పసుపు నీళ్లు పోసి అందులో నీడ చూడటం మా మామ్మ నేర్పిన పద్ధతి, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఆవిడ జాగ్రత్త కోసమే చెప్పింది, కానీ లెక్క చూడండి. సూర్యుడు పైన ఉన్నప్పుడు నీళ్లు ఆ వెలుతురులో దాదాపు యాభయ్యో వంతు తిప్పి కొడతాయి, సూర్యుడు కిందికి దిగేకొద్దీ ఇంకా ఎక్కువ. సరైన గ్రహణం కళ్లద్దాలు వదిలేది 0.0032 శాతం లోపు, అంటే దాదాపు ముప్పై వేలలో ఒక వంతు. ఈ రెండూ ఒకటి కాదు.

కళ్లద్దాలే వద్దనుకుంటే వంటింట్లో బూందీ గరిటె చాలు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి గరిటె నీడ గోడ మీదో తెల్లకాగితం మీదో పడేలా పట్టుకోండి. ఒక్కో చిల్లు ఒక్కో చిన్న సూర్యుడిని వేస్తుంది, గ్రహణం పడితే అన్నీ నెలవంకలైపోతాయి. పిల్లలకి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. చిల్లులోంచి సూర్యుడి వైపు చూడకూడదు, అది మాత్రం వాళ్లకి రెండుసార్లు చెప్పండి.

వెల్డింగ్ గాజు గురించి కూడా అడుగుతారు. 14 నంబరుది మంచిదే, సూర్యుడు ఆకుపచ్చగా కనిపిస్తాడు. కానీ హార్డ్‌వేర్ షాపుల్లో నాకు దొరికినవి 10, 11 నంబర్లు, అవి సూర్యుడికి చాలవు. నంబరే లేని నల్లగాజు అసలు తీసుకోవద్దు.

మళ్లీ అట్ట కళ్లద్దాల దగ్గరికొస్తే, నేను ఉంచుకున్నవాటిలోనూ లోపాలున్నాయి. పెద్దవాళ్ల ముఖానికి తగ్గ కొలత, పిల్లలకి ముక్కు మీద నిలవవు, పక్కల నుంచి వెలుతురు వస్తుంది. పేపర్ ప్లేటుకి కళ్ల దగ్గర కోసి వెనకనుంచి వీటిని టేపుతో అంటిస్తే ముఖమంతా కప్పేస్తుంది, చేత్తో పట్టుకోవడం తేలిక. చూపు కళ్లజోడు ఉన్నవాళ్లు దానిపైనే పెట్టుకోవచ్చు, కాస్త బిగువుగా ఉంటుంది. మన సముద్రపు గాలికి అట్ట మెత్తబడి ఫిల్ము అంచు లేవడం మొదలవుతుంది, కాబట్టి మూత ఉన్న డబ్బాలో దాచండి, నీళ్లతో తుడవకండి. ఫిల్ము మీద గీతగానీ చిల్లుగానీ కనిపిస్తే కత్తెరతో ముక్కలు చేసి పారేయండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ వాడతారు. వీటిని పెట్టుకుని బైనాక్యులర్లోనో టెలిస్కోపులోనో చూడటం అంటే కన్ను పోగొట్టుకోవడమే, లోపల గుమిగూడిన వెలుతురు ఫిల్ముని కాల్చేస్తుంది. వాటికి ముందువైపు బిగించే ఫిల్టరు వేరే ఉంటుంది.

1999 ఆగస్టు 11న సంపూర్ణ గ్రహణం నీడ అట్లాంటిక్ సముద్రంలో బయల్దేరి, యూరప్ దాటి, మన శ్రీకాకుళం మీదుగా వెళ్లి బంగాళాఖాతంలో ముగిసింది. అలాంటప్పుడు సూర్యుడు పూర్తిగా కప్పబడిన ఆ కాసేపు మాత్రమే కళ్లద్దాలు తీయవచ్చు. పాక్షిక గ్రహణంలో ఆ అవకాశం ఒక్క క్షణం కూడా లేదు. 2027 ఆగస్టు 2న మన దేశంలో చాలా చోట్ల కనిపించేది పాక్షికమే, అదీ సాయంత్రం పూట, సూర్యుడు పడమటికి దిగుతున్నప్పుడు. ఎండ తగ్గింది కదా అని వట్టి కళ్లతో చూసేవాళ్లు అప్పుడే ఎక్కువ. వాన మబ్బులుంటే ఎలాగూ ఏమీ చేయలేం.

ఆ రోజుకి నెల ముందే తెప్పించుకోండి. చివరి వారంలో దొరికేవి ఎక్కువగా ఎవరు చేశారో తెలియని సరుకే, తిప్పి పంపడానికి టైమూ ఉండదు. ధర ఒక్కోటి వంద రూపాయల లోపే పడింది, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కొనండి, ఒకటే ఉంటే లాక్కునే తొందరలో తలెత్తి ఉండగానే తీసేస్తారు. తల దించి పెట్టుకోవాలి, తల దించాకే తీయాలి. ఈలోగా వీటిని మూలన పడేయక్కర్లేదు. 2024 మేలో సూర్యుడి మీద వచ్చిన పెద్ద మచ్చల గుంపు ఇలాంటి కళ్లద్దాల్లోంచే కనిపించింది. నేను మాత్రం ఎండ ఉన్న రోజు డాబా ఎక్కి మళ్లీ ఏదైనా మచ్చ వచ్చిందేమో అని చూస్తుంటాను.