నల్లగొండలో రెండు రోజుల బడి శిక్షణ: ఐదుకు మూడున్నర

దేవరకొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. మొన్న జనవరిలో ఒక శుక్ర, శనివారాలు మా బడి నుంచి ఐదుగురం నల్లగొండకు శిక్షణకు వెళ్లొచ్చాం. ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టింది. బడిలో కులం పేరుతో జరిగే తేడాలను ఎలా తగ్గించాలి, ఆ పని హెడ్మాస్టర్ ఒక్కరి నెత్తిన వేయకుండా అందరూ ఎలా పంచుకోవాలి అన్నది విషయం. భోజనంతో కలిపి మనిషికి 300 రూపాయలు. కింద నాలుగు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

వాళ్ల షరతు నాకు బాగా నచ్చింది. హెచ్‌ఎం, ఒక టీచర్, ఇద్దరు తల్లిదండ్రులు, మధ్యాహ్న భోజనం వండే ఆమె, ఈ ఐదుగురూ కలిసి వస్తేనే సీటు. "వంటామె ఎందుకమ్మా?" అని మా హెచ్‌ఎం సారు రెండుసార్లు అడిగారు. ఆడవాళ్లం ముగ్గురం ఉచిత ప్రయాణపు జీరో టికెట్ మీద, సారూ తండా నుంచి వచ్చిన ఒక తండ్రీ డబ్బులు పెట్టి, ఒకే బస్సులో వెళ్లాం.

మొదటి రోజు పొద్దున నిద్రొచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఇవన్నీ తెర మీద చూపించారు. మాతో వచ్చిన తల్లి చెయ్యెత్తి, "ఇప్పుడు మా దగ్గర అమ్మ ఆదర్శ కమిటీ ఉంది కద మేడం, మా మహిళల గ్రామ సంఘం అధ్యక్షురాలే చైర్మన్" అంది. 2024 నుంచి తెలంగాణలో నడుస్తున్న సంగతి. చెప్పడానికి వచ్చినవాళ్ల దగ్గర దాని మీద ఒక్క ముక్కా లేదు.

తర్వాత అమెరికా కథ. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మర్నాడు, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఎలియట్ అనే టీచర్ మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండు గుంపులు చేసింది. ఒక గుంపు గొప్పదని, ఇంకోటి తక్కువదని చెప్పి, తర్వాత తారుమారు చేసింది. కథ బాగానే ఉంది. కానీ అక్కడ తెల్లపిల్లలకు వివక్ష అంటే ఏమిటో తెలియదు కాబట్టి లేని తేడాను పుట్టించాల్సి వచ్చింది. మా క్లాసులో ఆ అవసరం ఏముంది? "ఏ వాడ నుంచి వస్తావురా?" అంటే చాలు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్‌మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత దళిత పిల్లలకు బడులు తెరిచాడు. ఆయన గురించి ఒక్క అరగంట చెప్పి ఉంటే మాతో వచ్చిన తల్లిదండ్రులు ఇంకా చెవులు రిక్కించి వినేవాళ్లు.

అసలు డబ్బులు గిట్టింది మధ్యాహ్నం. ఒక్కో బడికి ఒక చార్టు ఇచ్చారు. గేటు తీయడం నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వడం దాకా బడిలో జరిగే ఇరవై పనులు రాసి, పోయిన వారం ఏ పని ఎవరు చేశారో పక్కన రాయమన్నారు. ప్రార్థనలో వార్తలు చదివింది ఎవరు? మైకు పట్టింది ఎవరు? సారు కారు తుడిచింది ఎవరు? గదులు ఊడ్చింది ఎవరు? నేను పేర్లు రాస్తూ పోతున్నాను. ఊడ్చే పని దగ్గర ఐదు పేర్లూ ఒకే వాడవి. మైకు దగ్గర ఆ వాడ పేరు ఒక్కటీ లేదు. నేను పెన్ను ఆపాను. మా వంటామె చార్టులోకి తొంగిచూసి, "ఇది రాస్తే గాని తెల్వదా టీచర్? నేను రోజూ పొయ్యికాడ్నుంచి చూస్తనే ఉన్న" అంది. ఆ పిల్లలను ఊడ్చమని పంపింది ఎక్కువసార్లు నేనే. సారు మొహం చూసే ధైర్యం కూడా కాలేదు.

రెండో రోజు స్కాలర్‌షిప్ సంగతి వచ్చింది. తొమ్మిది, పది తరగతుల ప్రీ మెట్రిక్ దరఖాస్తుల కోసం మనం క్లాసులోకి వెళ్లి "ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి" అంటాం కదా, దాన్ని నాటకంలా వేయించారు. మా సారును నిలబెట్టారు. నిమిషం లోపే కూర్చుంటానన్నారు.

భోజనం బాగుంది, జొన్నరొట్టె, గోంగూర పప్పు. పుస్తకం మాత్రం దండగ. మొదటి పేజీలోనే "భాగస్వామ్య నాయకత్వ నమూనా ద్వారా సంస్థాగత వివక్షా నిర్మూలన" అని ఉంది. తండా అన్న అది నాకిచ్చి "ఏమంటున్నరు టీచర్ ఇండ్ల?" అన్నాడు. చెప్పేవాళ్లు నలుగురిలో ఒక్కరికీ లంబాడీల భాష గోర్ బోలి రాదు. ఆయన రెండు రోజుల్లో నోరు విప్పింది భోజనాల దగ్గరే. నెల తిరిగేలోపు బడికి వచ్చి చూస్తామన్నారు. మూడు నెలలైంది, ఫోన్ కూడా లేదు.

మా బడిలో ఇప్పుడు ఊడ్చే పని హాజరు నంబర్ల వరుసన తిరుగుతోంది. ఇద్దరు తండ్రులు వచ్చి గొడవ పెట్టుకున్నారు. వాళ్లకు జవాబు చెప్పింది సారు కాదు, కమిటీ చైర్మనమ్మ. స్కాలర్‌షిప్ చీటీలు కవర్లో ఇళ్లకు పంపుతున్నాం. మైకు మాత్రం ఇంకా పాత నలుగురి చేతిలోనే తిరుగుతోంది. ఉచ్చారణ బాగుండాలని తెలుగు టీచర్ పట్టు.

వెళ్లాలనుకునే బడులకు ఒక మాట. వంటామెను తప్పకుండా తీసుకెళ్లండి. కానీ ఆ రెండు రోజులు మా ఆమె తన బదులు వండడానికి వేరే మనిషిని పెట్టుకుని, 600 రూపాయలు సొంతంగా ఇచ్చుకుంది. మాకెవరికీ జీతం కోత పడలేదు. ఆ డబ్బులు సంస్థ ఇస్తుందో, బడి ఇస్తుందో ముందే తేల్చుకుని బస్సెక్కండి.