మౌంట్ వెర్నన్, మాంటిచెల్లో, గన్స్‌టన్ హాల్: అమ్మానాన్నలతో వెళ్ళడానికి ఏది మేలు?

నార్తర్న్ వర్జీనియాలో ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏటా వేసవిలో వచ్చే ప్రశ్న ఇది. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగుతారు. మొదటి వారం డీసీ మ్యూజియాలు, రెండో వారం గుడి. మూడో వారానికి నాన్న సోఫాలో కూర్చుని కిటికీలోంచి పార్కింగులోని కార్లు లెక్కపెడుతుంటారు. అప్పుడు అమ్మ అంటుంది, "ఎవరో పాత ప్రెసిడెంటుగారి ఇల్లుందట కదా, అది చూపించరాదటే?" అని.

నిజానికి అలాంటి పాత పెద్ద ఇళ్ళు మూడున్నాయి. మూడూ ఇంగ్లండు రాజు పాలనలో మొదలైన ఇళ్ళే. మౌంట్ వెర్నన్ మొదటి ప్రెసిడెంటు జార్జ్ వాషింగ్టన్‌ది, మాంటిచెల్లో మూడో ప్రెసిడెంటు థామస్ జెఫర్సన్‌ది, గన్స్‌టన్ హాల్ వాళ్ళ కాలం నాయకుడే అయినా ప్రెసిడెంటు కాని జార్జ్ మేసన్‌ది. రెండు వేసవుల్లో మూడింటికీ మావాళ్ళను తీసుకెళ్ళాను. నాన్న వరి రైతు, మోకాళ్ళు అరిగిపోయాయి. అమ్మ ఎవరింటికెళ్ళినా ముందు వంటిల్లు చూడాలి. మావాడికి పదేళ్ళు, బోరు కొడితే మొహం మీదే చెప్పేస్తాడు. ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకునే చెప్తున్నాను.

ఒక్క రోజే కుదిరితే మౌంట్ వెర్నన్‌కే వెళ్ళండి. డీసీకి దక్షిణంగా పదిహేను మైళ్ళు, ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. ఇంటి లోపలికి టికెట్ మీద టైము ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. శనివారం మధ్యాహ్నం మాత్రం వద్దు, జాతరలా ఉంటుంది. దూరం నుంచి రాతి కట్టడంలా కనిపించే ఈ ఇల్లు మొత్తం చెక్కే. పలకల్ని రాళ్ళ ఆకారంలో చెక్కి, రంగు తడిగా ఉండగానే ఇసుక చల్లారు. అమ్మ గోడ దగ్గరికెళ్ళి చూసి, "వాషింగ్టన్‌గారికీ షోకు ఎక్కువేనన్నమాట" అంది. లోపల నడవలో, ఫ్రెంచి విప్లవంలో జనం పడగొట్టిన బాస్టీల్ కోట తాళంచెవి ఉంది. వాషింగ్టన్ పక్షాన యుద్ధం చేసిన ఫ్రెంచి సేనాని లాఫయెట్ 1790లో పంపించాడట. మావాడు అక్కణ్ణుంచి కదల్లేదు.

నాన్న మాత్రం ఇంట్లో ఏమీ మాట్లాడలేదు. వెనక వసారాలో పొటోమాక్ నదికి ఎదురుగా కుర్చీలు వరసగా వేసి ఉంటాయి. అక్కడ కూలబడి, "ఈయనకి ఎన్నెకరాలు?" అన్నారు. ఎనిమిది వేలు అని చెప్పాను. అప్పటిదాకా లేని హుషారు వచ్చింది. పొగాకు వేసి నేల పాడవుతోందని ఆయన గోధుమకు మారాడని చెప్పేసరికి మోకాళ్ళ సంగతి మరిచిపోయి పొలం వైపు నడిచారు. నది ఒడ్డున పదహారు పలకల కొట్టం ఒకటుంది. వాషింగ్టన్ స్వయంగా గీసిన నమూనా ప్రకారం మళ్ళీ కట్టింది. పై అంతస్తులో గుర్రాలు గోధుమ వెన్నుల మీద గుండ్రంగా తిరుగుతాయి. నేల పలకల మధ్య సందులు వదిలారు, గింజలు కిందికి రాలిపోతాయి. "ఇది బంతి కట్టి తొక్కించడమే కదమ్మాయ్! కాకపోతే మనకి నెత్తిన కప్పు లేదు. ఉంటే తుఫాన్లకి పనలు తడిసేవా?" అన్నారు. అరగంట దాని చుట్టూనే తిరిగారు. అమెరికాలో ఆయనకి ఇంతగా నచ్చింది నేను మరొకటి చూడలేదు.

మాంటిచెల్లో లెక్క వేరు. షార్లట్స్‌విల్ పక్కన కొండ మీద ఉంది, మా ఇంటి నుంచి రెండు గంటల పైనే డ్రైవింగు. కొండ పైకి షటిల్ బస్సు తీసుకెళ్తుంది, కానీ ఇంట్లో గైడు వెంట గది గదికీ నిలబడే వినాలి. నాన్న నాలుగో గదికల్లా తలుపు చెక్కకు ఆనుకున్నారు. ఒకే రోజులో వెళ్ళిరావడం పెద్దవాళ్ళకి శిక్షే. ఒక రాత్రి అక్కడ ఉండగలిగితేనే పెట్టుకోండి.

ఉండగలిగితే మాత్రం మూడింటిలో ఇదే గొప్పది. ఇల్లంతా జెఫర్సన్ బుర్రలోంచి ఊడిపడ్డట్టుంటుంది. ముందు హాల్లో పెద్ద గడియారం, దాని బరువులు ఫిరంగి గుండ్లు. అవి కిందికి దిగుతుంటే గోడ మీద వారాల పేర్లు ఒక్కొక్కటీ దాటతాయి. గోడ చాలక నేలకి కన్నం పెట్టారు, శనివారం నేలమాళిగలోకి పోయింది! మావాడు జేబులోంచి ఐదు సెంట్ల నాణెం తీసి, దాని వెనకున్న ఇల్లూ ఎదురుగా ఉన్న ఇల్లూ ఒకటేనని పదిసార్లు సరిచూశాడు.

వంటిల్లు కిందే, దక్షిణం వైపు గదుల్లో. అమ్మ అటు వెళ్ళింది కానీ, ఆ వరసలోనే ఉన్న శాలీ హెమింగ్స్ గది దగ్గర ఆగిపోయింది. ఆమె బానిస. జెఫర్సన్ భార్యకి సవతి చెల్లెలు కూడా. భార్య పోయాక జెఫర్సన్‌కి ఈమె వల్ల పిల్లలు పుట్టారని ఇప్పుడా ఇంటిని నడిపే సంస్థే చెబుతోంది. "మనుషులంతా సమానమని రాసింది ఈయనేగా?" అంది అమ్మ. అవునన్నాను. జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసల్ని ఉంచుకున్నాడు. లక్ష డాలర్ల పైన అప్పుతో 1826లో పోతే, మరుసటి ఏడు 130 మంది బానిసల్ని వేలం వేశారు. నాన్నకి అప్పుల సంగతి తెలుసు. "అప్పు ఆయన చేస్తే అమ్ముడుపోయింది వీళ్ళా" అన్నారు. మౌంట్ వెర్నన్‌లోనూ 1799లో 317 మంది ఉన్నారు. అందులో తన సొంతమైన 123 మందికి వాషింగ్టన్ వీలునామాలో విడుదల రాశాడు. అక్కడ సమాధి దగ్గర వాళ్ళ స్మారకం ఉంది. కానీ జనంలో పడి చాలామంది అటు వెళ్ళరు. మాంటిచెల్లోలో ఈ కథ తప్పించుకుందామన్నా కుదరదు. నాకు అది ఎక్కువ నచ్చడానికి కారణం అదే.

గన్స్‌టన్ హాల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు గంటలు చాలు, జనం తక్కువ. బయట మామూలు ఇటుక ఇల్లు, లోపల విలియం బక్‌లాండ్ అనే వడ్రంగి నాలుగేళ్ళ వెట్టి ఒప్పందం మీద ఇంగ్లండు నుంచి వచ్చి చేయించిన చెక్కపని. ఫెయిర్‌ఫాక్స్‌లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చదివిన మన పిల్లలకి పేరు తెలుసు, మనిషి తెలియదు. పౌరహక్కుల పట్టిక లేదన్న అభ్యంతరంతో 1787లో రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్నది ఈయనే. ఈయనకీ బానిసలున్నారు. చరిత్ర పిచ్చి ఉంటే వెళ్ళండి. అమ్మానాన్నల మొదటి ట్రిప్పుకి మాత్రం వద్దు.

వచ్చే వేసవికి మావాళ్ళు మళ్ళీ వస్తున్నారు. నేను షార్లట్స్‌విల్‌లో రూము చూస్తున్నానంటే, నాన్న ఫోన్లో ఒకటే అడిగారు: ఆ కొట్టంలో గుర్రాలు ఎప్పుడు తొక్కుతాయో కనుక్కున్నావా అని.