బిగించకపోతే తెలియదు, బిగిస్తే వాపసు లేదు: పాత పోర్షేకి ఫ్యూయల్ పంప్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త

పాత పోర్షే 911 ఎస్‌సీ పార్టులు వెతికేవాళ్లంతా ఈ సెల్లర్‌ని చూసే ఉంటారు. ఫ్యూయల్ పంప్, చెక్ వాల్వ్, వాషర్లు కలిపి ఒకే కిట్‌గా అమ్ముతాడు. ప్రతి ఫొటోలో నీలం గుడ్డ పరిచి, దాని మీద పార్టులు పేర్చి ఉంటాయి. ఆ మహానుభావుడే. పేరు రాయను, తెలిసినవాళ్లకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

నా బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. కాసేపు తిప్పి, అరగంట ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే మాత్రం తిరుగుతూనే ఉండేది, ఇంజిన్ అందుకునేది కాదు. కె-జెట్రానిక్ (బాష్ వాళ్ల పాత మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లున్నవాళ్లకి ఈ రోగం కొత్త కాదు. ఇంజిన్ ఆపేశాక కూడా లైన్లో కొంత ప్రెషర్ నిలబడాలి. లేకపోతే ఇంజిన్ వేడికి పైపుల్లోని పెట్రోల్ ఆవిరైపోతుంది. ఆ పెట్రోల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోకుండా ఆపేది పంప్ మూతికి బిగించి ఉండే చెక్ వాల్వ్. పంప్ కూడా ఈమధ్య గోల చేస్తోంది కదా, రెండూ ఒకేసారి మార్చేద్దామని ఆ కిట్ ఆర్డర్ పెట్టాను. "బ్రాండ్ న్యూ, ఒరిజినల్ బాష్" అని పెద్ద అక్షరాలతో రాశాడు మరి.

పార్శిల్ విప్పగానే అనుమానం వచ్చింది. పంప్ ఒంటి మీద ఉన్న పార్ట్ నంబర్ గోరుతో గీకితే పొడిలా రాలింది. అప్పటికప్పుడు ఫొటో తీసి పంపించాను. వచ్చిన జవాబు ఇది: "ఓల్డ్ స్టాక్ సార్, ప్రింట్ అలాగే ఉంటుంది. ముందు బిగించి చూడండి. తేడా వస్తే మేం లేమా?"

మేం లేమా! ఆ మాటకి కరిగిపోయిన నాకు దండేసి ఊరేగించాలి.

సరే, బిగించాను. బ్యాటరీ తీసేసి, బండి ముందు భాగం కింద పడుకుని, హోస్‌కి క్లాంపు పెట్టినా మోచేతి దాకా పెట్రోల్ కారుతుండగా పాత పంప్ ఊడదీసి కొత్తది ఎక్కించాను. వాషర్లు కొత్తవే వేశాను, రెండు స్పానర్లు పెట్టే బిగించాను, ఎక్కడా చుక్క కారలేదు. బండి స్టార్ట్ అయింది. తిప్పుకొచ్చి ఆపాను. అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే మళ్లీ అదే కథ.

పెట్రోల్ లైన్‌కి ప్రెషర్ గేజ్ పెట్టి చూశాను. పంప్ తిరుగుతున్నప్పుడు సిస్టమ్ ప్రెషర్ 5 బార్ దగ్గర బాగానే ఉంది. పంప్ ఆపాక ముల్లు కొంత దిగి, ఇంజెక్టర్లు తెరుచుకునే ప్రెషర్‌కి కాస్త కింద ఆగాలి. ఇక్కడ ఆగడమన్న మాటే లేదు, చూస్తుండగానే సున్నాకి పోయింది. ఇంజిన్ ఆగాక లైన్లో ప్రెషర్ నిలిపి ఉంచే అక్యుములేటర్ పోయిందేమో, వాల్వ్‌ని ఊరికే తిడుతున్నానేమో అని ఇంకో పరీక్ష చేశాను. పంప్ ఆపిన మరుక్షణం ట్యాంకు నుంచి పంప్‌కి వచ్చే హోస్‌ని క్లాంపుతో నొక్కేశాను. ముల్లు ఆగింది. అంటే పెట్రోల్ వెనక్కి పోతున్నది పంప్ గుండానే, కొత్త చెక్ వాల్వ్‌ని దాటుకునే.

వాల్వ్ ఊడదీసి టార్చి వేసి చూస్తే ఒళ్లు మండిపోయింది. లోపల గోడకి గోధుమరంగు గార, గట్టిగా పట్టేసి ఉంది. పెట్రోల్ ఏళ్ల తరబడి ఎండితే పట్టే గార అది. నా చేతిలో ఉన్న కాసేపట్లో రాదు. వాషర్ కూర్చునే చోట నా వాషర్ అచ్చు పక్కనే ఇంకో పాత అచ్చు, పైన పాలిష్ కొట్టారు. ఎవరి బండిలోంచో పీకిన ముక్కకి స్నానం చేయించి, కొత్త పెళ్లికొడుకులా ముస్తాబు చేసి పంపించాడన్నమాట.

ఫొటోలు, గేజ్ వీడియో అన్నీ పంపించాను. మర్యాదగానే రాశాను. రాత్రికి జవాబు వచ్చింది: "బిగించారు కదా సార్. బిగించిన పార్ట్‌కి రిటర్న్ ఉండదు."

బిగించమన్నది ఎవరు? ఆయన మెసేజ్‌నే స్క్రీన్‌షాట్ తీసి ఆయనకే పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు "టైపింగ్" అని కనిపిస్తూ ఉంది. క్షమాపణ రాస్తున్నాడేమో అనుకున్నాను. వచ్చింది ఇది: "పని రానివాళ్లు మెకానిక్‌కి ఇచ్చుకోవాలి. మీరు పాడుచేసి మా మీద పెట్టొద్దు." నేను బదులు రాసేలోపే బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినందుకు కూడా ఇంత మండలేదు. ఆ "పని రానివాళ్లు" అన్న మాట ఉంది చూశారూ, ఇప్పటికీ పళ్లు నూరుతున్నాను. ప్లాట్‌ఫాం వాళ్లకి కంప్లైంట్ పెడితే, "దయచేసి ముందుగా సెల్లర్‌తో మాట్లాడి పరిష్కరించుకోండి" అని మెషీన్ జవాబు. సెల్లర్ బ్లాక్ చేశాడన్నదే కదయ్యా నా కంప్లైంట్!

వేరే చోట చెక్ వాల్వ్ ఒక్కటే కొని అదే పంప్‌కి వేశాను. ముల్లు నిలబడింది, వేడి మీద కూడా బండి వెంటనే అందుకుంటోంది. పని రానివాడి చేతులే, అదే స్పానర్లు. ఆ పంప్‌ని మాత్రం ఉంచను. నంబరే నకిలీ అయితే లోపల ఏముందో ఎవరికి తెలుసు? 5 బార్ ఒత్తిడితో పెట్రోల్ తోసే వస్తువు అది. పగిలితే కారడం కాదు, చిమ్ముతుంది. నిప్పురవ్వ తగిలితే బండి బూడిదే.

అన్నట్టు, కొనేవాళ్లకి ఒక్క మాట. బిగించేముందే వాల్వ్‌కి శుభ్రమైన గొట్టం తగిలించి రెండు వైపుల నుంచీ ఊదండి, గాలి ఒక వైపే పోవాలి. ఈ పరీక్షలో పాసైనా గేజ్ మీద ఫెయిలవ్వచ్చు, కానీ రెండు వైపులా గాలి పోతే మాత్రం అక్కడే పక్కన పడేయండి. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. "బిగించి చూడండి" అంటే, బిగించాక వాపసు తీసుకుంటానని ముందే రాతలో ఇమ్మనండి.

లిస్టింగ్ ఇంకా ఉంది. అదే నీలం గుడ్డ, అదే ఫొటో, కింద ఎర్రక్షరాల్లో "ఒక్కటే మిగిలింది". నేను కొన్నప్పుడూ ఒక్కటే మిగిలి ఉంది.