‘మీ ఊళ్లోనే కార్పొరేట్ లాయర్, 100% ప్లేస్‌మెంట్’ కోర్సులతో జాగ్రత్త: 68 వేలు పోగొట్టుకున్నాక రాస్తున్నా

ముందే చెప్తున్నా, కోపంతోనే రాస్తున్నా. విజయవాడలో ఒక సివిల్ సీనియర్ గారి దగ్గర మూడేళ్లు జూనియర్‌గా చేశాను, వాయిదాలు, అఫిడవిట్లు, కాపీ అప్లికేషన్లు, అదే లోకం. కంపెనీల పని చేయాలని మొదటి నుంచీ ఆశ, కానీ నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ముంబై ఢిల్లీ వెళ్లి కూర్చునే పరిస్థితి లేదు. సరిగ్గా నాలాంటి వాళ్ల కోసమే గాలం వేసుకుని కూర్చున్న ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్ల యాడ్ ఫోన్‌లో కనిపించింది. పేరు రాయట్లేదు, కేసు వేసే ఆలోచనలో ఉన్నా కాబట్టి. ‘ముంబై వెళ్లక్కర్లేదు, హైదరాబాద్, వైజాగ్, విజయవాడలోనే ఎం అండ్ ఎ (కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు) ప్రాక్టీస్’ అన్నారు. నాలుగు నెలల కోర్సు, 68 వేలు.

ఫోన్ చేసిన అమ్మాయి ఎంత బాగా మాట్లాడిందంటే, ‘మేడమ్, ఈ రాత్రి 12 లోపు కడితేనే ఈ రేటు, సీట్లు రెండే ఉన్నాయి’ అంది, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టేశాను. యూపీఐలో డబ్బు వెళ్లింది కంపెనీ పేరుకి కాదు, ఎవరో వ్యక్తి పేరుకి. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు.

సరే, క్లాసులు. రికార్డింగులే ఎక్కువ, లైవ్ వారానికి ఒకటి, అదీ సగంసార్లు క్యాన్సిల్. షేర్ పర్చేజ్ అగ్రిమెంట్ అని ఇచ్చిన మోడల్ ఎక్కడో విదేశీ డాక్యుమెంట్‌లో పేర్లు మార్చినది, అందులో స్టాంప్ డ్యూటీ ఊసే లేదు. షేర్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో డ్యూటీ 0.25% అని చెప్పారు, నేనూ అదే రాసుకుని బట్టీ పట్టి హైదరాబాద్‌లో ఒక చిన్న ఫర్మ్ ఇంటర్వ్యూలో టకటకా చెప్పాను. ఎదురుగా ఉన్న సార్ నవ్వి, ‘అమ్మా, 2020 జులై 1 నుంచి 0.015% కదా’ అన్నారు. ఇంకా, చిన్న కంపెనీలు కాని ప్రైవేట్ కంపెనీల షేర్లు డీమ్యాట్‌లోకి, అంటే ఎలక్ట్రానిక్ రూపంలోకి, రావాలన్న రూల్ 2023లోనే వచ్చింది, వీళ్లు మాత్రం ఇంకా కాగితం మీద షేర్లు బదిలీ చేసే ఎస్‌హెచ్-4 ఫారం నింపడమే నేర్పిస్తున్నారు. ఆరోజు బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను, అది వేరే విషయం.

అసలు మోసం ప్లేస్‌మెంట్ దగ్గర. రెండు నెలలు తిప్పించుకుని ఒక ఆఫర్ పంపారు, గచ్చిబౌలిలో కాంట్రాక్ట్ రివ్యూ, నైట్ షిఫ్ట్, నెలకి 18 వేలు. పని ఏంటంటే అమెరికా కంపెనీల పాత అగ్రిమెంట్లు తెరిచి తేదీలు, రెన్యువల్ క్లాజులు ఎక్సెల్‌లో ఎక్కించడం. ఆ పని తక్కువని అనట్లేదు, చాలామంది అక్కడి నుంచే పైకొచ్చారు, కానీ వీళ్లు అమ్మింది అది కాదు కదా. నాన్న సంగతి చెప్పి విజయవాడలో చూడండి అంటే, ‘ఆఫర్ రిజెక్ట్ చేస్తే మా బాధ్యత అయిపోయినట్టే, 11వ క్లాజ్ చూడండి’ అని మెయిల్ పెట్టారు. చూస్తే నిజంగానే ఉంది, పైగా ‘గ్యారంటీ’ అన్న మాట యాడ్‌లోనే, అగ్రిమెంట్‌లో అంతా ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. లా చదివినదాన్ని, కాంట్రాక్టులు నేర్చుకోవడానికి వెళ్లి కాంట్రాక్ట్ చదవకుండా టిక్ కొట్టాను. నవ్వుకోండి, పర్లేదు.

ఇంకో ప్రమాదం, దీని గురించి ఎవరూ చెప్పరు. ఎన్‌రోల్ అయి ప్రాక్టీస్‌లో ఉన్న అడ్వకేట్ ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగంలో చేరకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 49. చేరితే వాళ్లకి తెలియజేసి, ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లు ప్రాక్టీస్ ఆపేయాలి. మా బ్యాచ్‌లో ఒకతను ఇదేమీ తెలియకుండా చేరి, మరోపక్క కోర్టులో వకాలత్ కూడా వేశాడు, ఇప్పుడు భయపడుతున్నాడు.

డబ్బు కట్టేముందు మీరు చేయాల్సిన పని అరగంట కూడా పట్టదు. కంపెనీ పేరు ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో కొట్టండి, ఎప్పుడు పుట్టిందో లాంటి వివరాలుండే మాస్టర్ డేటా ఫ్రీగానే కనిపిస్తుంది. ‘పదేళ్ల అనుభవం’ అన్న మా వాళ్ల కంపెనీ పుట్టి అప్పటికి ఏడు నెలలు! బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉంటే అదీ పోర్టల్‌లో చెక్ చేయండి. పాత స్టూడెంట్లతో వాళ్లు కలిపిస్తే కాదు, మీరే వెతుక్కుని మాట్లాడండి. నాకు చూపించిన ‘సక్సెస్ స్టోరీ’ అబ్బాయికి తన ఫొటో అక్కడ వాడారని నేను చెప్పేదాకా తెలీదు. కోచింగ్ సెంటర్లు ఉద్యోగం గ్యారంటీ అని యాడ్ వేయకూడదని, స్టూడెంట్ ఒప్పుకోకుండా ఫొటో వాడకూడదని 2024 నవంబర్‌లోనే గైడ్‌లైన్స్ వచ్చాయి.

మరి మన ఊళ్లలో ఈ పని అసలు లేదా అంటే ఉంది, కానీ ఆ పేరుతో లేదు. హైదరాబాద్ ఫార్మా కంపెనీ చేతులు మారినా మెయిన్ డాక్యుమెంట్లు చాలావరకు ముంబై, ఢిల్లీ ఫర్మ్‌లే రాస్తాయి, ఇక్కడి వాళ్లకి ఫ్యాక్టరీ స్థలం లింక్ డాక్యుమెంట్లు, ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు), లోకల్ స్టాంప్ డ్యూటీ లాంటివి వస్తాయి. విజయవాడ, గుంటూరు వైపు అయితే కోల్డ్ స్టోరేజీలు, మిల్లులు, రొయ్యల ఎగుమతి కంపెనీలు, అన్నదమ్ముల మధ్య షేర్ల పంపకాలు, ఇవన్నీ నడిచేది లాయర్ ఆఫీసుల్లో కన్నా సీఏల దగ్గర, కంపెనీ సెక్రటరీల దగ్గర. ఈ సంగతి 68 వేలు పోయాక తెలిసింది. ఇప్పుడు ఒక కంపెనీ సెక్రటరీ గారి దగ్గరికి సాయంత్రాలు వెళ్తున్నా, జీతం కాదు, డ్రాఫ్ట్‌కి ఇంత అని ఇస్తారు. మొదటి నెలలోనే అమెరికాలో ఉన్న బావగారు ఇక్కడి బావమరిది కంపెనీలో రీపాట్రియేషన్ బేసిస్ మీద, అంటే తర్వాత ఆ డబ్బు తిరిగి విదేశానికి తీసుకెళ్లగలిగేలా, డబ్బు పెట్టిన ఫైల్ వచ్చింది, షేర్లు అలాట్ చేసిన 30 రోజుల్లో ఆర్‌బీఐ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ అనే విదేశీ పెట్టుబడి ఫారం వేయాలని, దానికి ఏమేం కాగితాలు కావాలో అక్కడ కూర్చుని నేర్చుకున్నా. నాలుగు నెలల కోర్సులో ఆ ఫారం పేరే వినలేదు. ఇదేదో పెద్ద కెరీర్ అనట్లేదు, ఇంకా పొద్దున కోర్టుకి వెళ్తూనే ఉన్నా.

రిఫండ్ సంగతి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ ఇచ్చాక పది రోజులకి కోర్సు వాళ్లే ఫోన్ చేసి 12 వేలు వెనక్కిస్తాం అన్నారు, ఒక సెటిల్‌మెంట్ పేపర్ పంపారు. ఈసారి ఆఖరి లైన్ దాకా చదివాను. కోర్సు గురించి ఎక్కడా మాట్లాడకూడదు, రాయకూడదు, మాట్లాడితే రెండు లక్షలు కట్టాలి అని ఉంది. సంతకం పెట్టలేదు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకి ఫీజు లేదు, ఒకే రకం నష్టం జరిగినవాళ్లు పర్మిషన్ తీసుకుని కలిసి కూడా వేయొచ్చు. కట్టిన స్క్రీన్‌షాట్లు, వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు, యాడ్ వీడియో డిలీట్ చేయకండి. ఇదంతా మీకూ జరిగినట్టు అనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, ఇప్పటికి నలుగురం అయ్యాం.