బ్యాడ్జీల సెల్లర్‌తో జాగ్రత్త: ఫోటోలో అసలుది, పార్సిల్‌లో నకిలీది

పాత మిలిటరీ బ్యాడ్జీలు కొనేవాళ్లంతా దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఎవరి గురించి రాస్తున్నానో పేరు చెప్పకపోయినా మీలో చాలామందికి తెలిసిపోతుంది. ఆదివారం రాత్రి అమ్మకానికి లాట్ (కొన్ని బ్యాడ్జీలు కలిపి) పెట్టి, గంట తిరక్కుండానే "సోల్డ్" అని రాసే ఆయనే. నిన్న పార్సిల్ వచ్చింది. రాత్రంతా కన్ను మూతపడలేదు.

మూడు బ్యాడ్జీల లాట్. 9,500 రూపాయలు యూపీఐలో ముందే కట్టించుకున్నాడు. ఒకటి బ్రిటిష్ రాయల్ ఆర్టిలరీది, ఒకటి స్కాట్లాండ్ పటాలం హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీది, ఇంకోటి ఆస్ట్రేలియా సైన్యం వాళ్ల రైజింగ్ సన్ (ఉదయించే సూర్యుడి) బ్యాడ్జీ. మూడూ రెండో ప్రపంచ యుద్ధం నాటివే అని మెసేజ్‌లో రాసిచ్చాడు. పంపిన ఫోటోల్లో ఉన్నవి నిజంగా అసలైనవే. ఇంటికి వచ్చినవి మాత్రం అవి కావు.

మా నాన్నగారు ఆర్టిలరీలో చేసి రిటైరయ్యారు. ట్రైనింగ్ ఇక్కడే, గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్‌లో. ఆయన టోపీ బ్యాడ్జీ పక్కన రాయల్ ఆర్టిలరీ బ్యాడ్జీ పెట్టి ఫ్రేమ్ కట్టించాలని నా కోరిక. రెండింట్లోనూ అదే పాతకాలపు చక్రాల ఫిరంగి. బ్రిటిష్ బ్యాడ్జీలో ఫిరంగి మీద కిరీటం ఉంటుంది, "ఉబిక్వే" (అన్నిచోట్లా) అని లాటిన్‌లో రాసి ఉంటుంది. మన బ్యాడ్జీలో కిరీటం తీసేసి నక్షత్రం పెట్టారు, "ఉబిక్వే" ఉన్నచోట "సర్వత్ర" అని, కింద "ఇజ్జత్-ఓ-ఇక్బాల్" అని రాశారు. ఫిరంగి అలాగే ఉంది, దాని మీద రాజు లేడు. మన దేశం ఏం మారిందో పిల్లలకి చూపించాలంటే ఆ రెండూ పక్కపక్కన పెడితే చాలు.

అందుకే ఆ కిరీటం నాకంత ముఖ్యం. బ్రిటిష్ బ్యాడ్జీల మీద కిరీటం ఊరికే అలంకారం కోసం పెట్టింది కాదు, ఆ సైనికుడు ఏ రాజు కింద పనిచేశాడో చెప్పే గుర్తు. ఆరో జార్జి 1952లో పోయేదాకా ఉన్నది ట్యూడర్ కిరీటం. దాని కమ్మీలు గుమ్మటంలా గుండ్రంగా పైకి లేచి ఉంటాయి. ఎలిజబెత్ రాణి వచ్చాక 1953 నుంచి సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం పెట్టారు. ఇందులో కమ్మీలు మధ్యలోకి వచ్చేసరికి కిందికి వంగుతాయి. భూతద్దం కూడా అక్కర్లేదు, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. ఫోటోలో గుమ్మటం ఉంది, పార్సిల్‌లో వచ్చినదానికి నడుమ సొట్ట ఉంది. 1945లో ముగిసిన యుద్ధంలో 1953 నాటి కిరీటం ఎవరు పెట్టుకున్నారు?

ఇక హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జీలోని ఏనుగు. నా కడుపు మండిపోయింది అక్కడే. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లా అస్సాయే ఊరి దగ్గర బ్రిటిష్ సేనాపతి ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికీ మరాఠాలకీ ఘోరమైన యుద్ధం జరిగింది. స్కాట్లాండ్ వాళ్ల 74వ పటాలం ఆ ఊరి ముందు ఫిరంగులకి ఎదురెళ్లింది. చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ పోగా మిగిలింది కొద్దిమందే. అదే యుద్ధంలో వెల్లెస్లీ వైపు మద్రాసు పటాలాలూ పోరాడాయి. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. ఆ యుద్ధానికి గుర్తుగా ఇచ్చినదే ఏనుగు. 74వ పటాలం 1881లో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీలో కలిశాక వాళ్ల బ్యాడ్జీలో అడుగున ఏనుగు, దాని మీద "అస్సాయే" అనే పేరు వచ్చాయి. మన మద్రాస్ రెజిమెంట్ డాలు మీద, రెండు కత్తులతో పాటు, ఆ ఏనుగు ఈనాటికీ ఉంది. స్కాట్లాండ్ కుర్రాడి టోపీ మీదా మన ఆంధ్రా, తెలంగాణ జవాను టోపీ మీదా ఒకే దక్కన్ ఏనుగు! నాకు ఈ హాబీ మీద ప్రేమ పుట్టిందే ఆ సంగతి తెలిశాక.

నాకొచ్చిన దాంట్లో ఆ ఏనుగుకి తొండం, ముందుకాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "అస్సాయే" అక్షరాలు అరిగిన సబ్బుబిళ్ల మీద పేరులా ఉన్నాయి. వెనక్కి తిప్పితే చదునుగా, సన్న సన్న గుంతలతో ఉంది. అసలు బ్యాడ్జీ అచ్చు గుద్ది చేస్తారు కాబట్టి ముందువైపు ఎత్తుగా ఉన్నచోట వెనకవైపు లోతుగా ఉంటుంది. ఇది అసలు బ్యాడ్జీ మీద మూస తీసి లోహం పోసింది.

ఫోన్ చేశాను. మొదట "మీరే మార్చేసి నాటకాలాడుతున్నారేమో" అన్నాడు. పార్సిల్ విప్పిన వీడియో ఉందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఏనుగు అడిగారు, ఏనుగే వచ్చింది కదా సార్. ఎప్పుడో చచ్చిపోయినోళ్ల టోపీ బిళ్లకి ఇంత పంచాయితీ ఏంటి?" నా డబ్బు పోయిందన్న బాధ ఆ మాటతో వెనక్కిపోయింది. ఆ బిళ్ల పెట్టుకుని మనుషులు ప్రాణాలిచ్చారయ్యా! అది తెలియనివాడు వేరే ఏదైనా అమ్ముకోవచ్చు. నాన్నగారు పక్క గదిలోంచి అంతా విన్నారు. ఏమీ అనలేదు, తన బ్యాడ్జీ తీసుకెళ్లి మళ్లీ పెట్టెలో పెట్టేసుకున్నారు. ఆ తర్వాత ఆ సెల్లర్ నన్ను బ్లాక్ చేశాడు.

ఆస్ట్రేలియా బ్యాడ్జీ సంగతి కూడా చెప్పేస్తాను. అందులో కిరణాల్లా కనిపించేవి కత్తులు, బయొనెట్లు అర్ధచంద్రాకారంగా పేర్చిన ఒక పలక నుంచి వచ్చాయంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాళ్లు పెట్టుకున్నది 1904 నాటి నమూనా, దాని పట్టీ మీద "ఆస్ట్రేలియన్ కామన్వెల్త్ మిలిటరీ ఫోర్సెస్" అని పూర్తిగా ఉంటుంది. నాకొచ్చిన దాంట్లో ఉత్త "ఆస్ట్రేలియా" అని ఉంది, పైన ఏడు కోణాల నక్షత్రం ఉంది. అది 1969 నమూనా. అంటే మూడింట్లో ఒక్కటీ చెప్పిన కాలానిది కాదు.

కొనేముందు వెనకవైపు ఫోటో, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టించి మరీ అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంకో సంగతి, చార్లెస్ రాజు 2022లో మళ్లీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నాడు కాబట్టి ఇప్పుడు కొత్తగా చేస్తున్న బ్యాడ్జీల మీద కూడా గుమ్మటం కిరీటమే వస్తోంది. కిరీటం ఒక్కటే చూసి పాతదని నమ్మేయకండి, వెనకవైపు కూడా చూడండి. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఈ మూడు బ్యాడ్జీల ఫోటోతోనే మీలో ఇంకెవరైనా డబ్బు కట్టి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పేమెంట్ స్క్రీన్‌షాట్లన్నీ కలిపి ఇద్దాం.